మొక్కుబడి - సహధర్మము

ఆశ్రమములు నాలుగింటిలో గృహస్థాశ్రమమే తక్కిన మూడింటికిని ఆధారమని పెద్దలు చెప్పుదురు. బ్రహ్మచారికి భిక్షయు, వానప్రస్థునకు ఆదరమును, యతికి ఆతిథ్యమును గృహస్థుని ఇంటినుండియే లభింపవలెను. ఆ ఇల్లు నిలుచుట భార్యాభర్తల సఖ్యముపై ఆధారపడి యున్నది. అందుచేతనే వివాహమున అగ్నిసాక్షిగా ఏడడుగులు నడిపింతురు. మొదటి అడుగు అన్నము కొరకు, రెండవది బలము కొరకు, మూడవది వ్రతము కొరకు, నాలుగవది సుఖము కొరకు, ఐదవది పశుసంపద కొరకు, ఆరవది ఋతువుల కొరకు, ఏడవది యజ్ఞము కొరకు. ప్రతి అడుగునందును శ్రీమహావిష్ణువు నిన్ను అనుసరించి వచ్చుగాక యని వరుడు వధువును గూర్చి ప్రార్థించును. ఏడవ అడుగు ముగిసినంతనే ఆమెను సఖియని సంబోధించును.

పందిటిలో ఈ మంత్రముల అర్థమును వినువారు తక్కువ. మేళతాళముల సందడిలో అవి కలిసిపోవును. అయితే ఇంటిలో ఒకరు దీర్ఘవ్యాధిచే మంచము పట్టిన దినమున ఆ ఏడడుగులును తిరిగి ఎదురునకు వచ్చును. అప్పుడు అన్నమనగా నోటికి సహింపని వ్యాధిగ్రస్తునిచేత నాలుగు ముద్దలు తినిపించుట. బలమనగా లేవలేనివానికి భుజము నిచ్చుట. సుఖమనగా బాధ తెలియకుండ రాత్రి గడచుట. ఋతువులనగా ఎండకును వానకును వెరవక పట్నమునకు వ్యాధిగ్రస్తుని తీసికొనిపోవుట. మంత్రముగా విన్నది పనిగా మారును.

మూడవ అడుగు వ్రతము కొరకు. ఈ వ్యాసమున విచారింపదలచినది ఆ అడుగును గూర్చియే. భార్య ప్రాణము కొరకు భగవంతునికి మొక్కుకొన్న వ్రతము ఒకవైపునను, ఆ భార్య పక్కననే నిలువవలసిన ధర్మము మరియొకవైపునను లాగునప్పుడు గృహస్థుడు దేనిని అనుసరింపవలెను?

వైద్య నారసింహుడు

నల్లగొండ సీమకు యాదగిరిగుట్ట శిరోభూషణము. 2016లో జిల్లాల పునర్విభజన జరిగి, గుట్ట యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరినను, నల్లగొండ, పాలమూరు ప్రజల హృదయములలో అది ఎప్పటివలె తమ గుట్టయే. యాద మహర్షి తపస్సునకు మెచ్చి స్వామి ఐదు రూపములతో ఇచట వెలసెనని స్థలపురాణము. ఆంజనేయస్వామి క్షేత్రపాలకుడు. 2022 మార్చి 28న పునర్నిర్మితమైన ప్రధానాలయమున స్వామి దర్శనము తిరిగి ప్రారంభమైనది.

ఈ స్వామిని భక్తులు వైద్య నారసింహుడని కొలుతురు. మందులకు లొంగని వ్యాధులతో బాధపడువారు మండలకాలము, అనగా నలువది దినములు, గుట్టపైననే నివసించి, తడిబట్టలతో ప్రదక్షిణములు చేయుదురు. స్వామి స్వప్నమున సాక్షాత్కరించి చికిత్స చేయునని విశ్వాసము. తరతరములుగ ఎందరో ఈ విశ్వాసముతో గుట్ట నెక్కిరి. వ్యాధిగ్రస్తులకు శక్తి లేనిచో వారి తరఫున తల్లియో, తండ్రియో, భర్తయో, భార్యయో మొక్కు చెల్లింతురు. కృష్ణాతీరమున మట్టపల్లిలోను, పాలమూరు సీమలో మన్యంకొండ, కురుమూర్తి, సింగోటము క్షేత్రములలోను ఇట్టి మొక్కుబడులు నేటికిని కలవు.

మొక్కు భయముచేత పుట్టునను మాట సత్యమే. కాని భయము వేసినపుడు ఎవరిని పిలుతుమో వారే మనకు ఆప్తులు. ఆపద వచ్చినపుడు శ్రీహరిని పిలుచుట ఆయనను ఆప్తునిగా నెంచుటయే. కావున మొక్కును తేలికగా చూడరాదు. అట్లని మొక్కు యొక్క పరమార్థమును మరచి, దాని లెక్కను మాత్రమే పట్టుకొనుటయు తగదు.

సంకటము

ఒక సన్నివేశమును ఊహింపవచ్చును. దేవరకొండ ప్రాంతపు పల్లెలో ఒక రైతు. ఆయన భార్యకు రొమ్ములో గడ్డ కనబడినది. సిగ్గుచేత ఆమె కొన్ని నెలలు ఎవరికిని చెప్పలేదు. చివరకు పట్నపు దవాఖానలో పరీక్షచేసి రాచపుండని, అనగా కాన్సరని, నిర్ణయించిరి. మూడువారముల కొకసారి రక్తనాళము ద్వారా మందెక్కించు కీమోథెరపీ చికిత్స ప్రారంభమైనది. భర్త గుట్టకు మొక్కుకొనెను. భార్యను ఇంటియొద్ద పెద్దకొడుకు సంరక్షణలో నుంచి, తాను మండలదీక్షతో గుట్టపై ప్రదక్షిణములు చేయసాగెను.

ముప్పది దినములు నిర్విఘ్నముగ గడచినవి. ముప్పదియొకటవ దినపు రాత్రి ఆమెకు చలియు జ్వరమును వచ్చినవి. మందెక్కించి అప్పటికి పది దినములైనది. కొడుకు తండ్రికి ఫోను చేయబోగా ఆమె వారించెను. "మీ నాయిన మొక్కు మధ్యల ఇడిసి వస్తడు. ఇంక తొమ్మిది దినాలే గద. తెల్లారినంక చూస్తం, ఊకో బిడ్డా" అని దుప్పటి కప్పుకొని పండుకొనెను. కొడుకు కొంతసేపు ఆలోచించి, తల్లికి తెలియకుండ బయటికి వచ్చి, తండ్రికి ఫోను చేసెను.

ఇప్పుడు ఆ భర్త ఏమి చేయవలెను? మిగిలిన ప్రదక్షిణములు పూర్తిచేయనిచో స్వామికి ఇచ్చిన మాట తప్పును. స్వామి ఆగ్రహించునేమో, భార్యకు ఇంకను కీడు మూడునేమో యను శంక. పోవనిచో భార్య ఆ రాత్రి ఒంటరిదగును. అతని పక్కన పండుకొనిన సాటి దీక్షాపరుడు "స్వామిని నమ్మినవానికి భయమెందులకు? దీక్ష విడువవలదు" అని బోధింపవచ్చును. ఫోనులో బావమరది "దేవుడు మందిచ్చునా? ఆ గుట్ట దిగి రమ్ము" అని గద్దింపవచ్చును. మొదటివాని మాటలో భక్తి యున్నది, వివేకము లేదు. రెండవవాని మాటలో తొందర యున్నది, భక్తి లేదు. ఈ రెండు మాటలకును నడుమ ధర్మమార్గమున్నదా యనుటయే ప్రశ్న.

ఔషధము ఎవరిది?

మొదట తొలగవలసిన సందేహము, వైద్యుని ఆశ్రయించుట భగవంతునిపై అవిశ్వాసమగునా యనునది. వైష్ణవులకు ఈ సందేహము కలుగనవసరమే లేదు. క్షీరసాగరమును మథించినపుడు అమృతకలశముతో ఆవిర్భవించిన ధన్వంతరి శ్రీమహావిష్ణువు అంశమే యని భాగవతము చెప్పుచున్నది. ఆయుర్వేదమునకు ఆయనయే ప్రవర్తకుడు. కావున వైద్యుని చేతిలోని మందును స్వామికి పోటీగా నెంచుట పొరపాటు.

శ్రీమద్రామాయణము ఇంకను స్పష్టముగ బోధించును. రావణుని శక్తిచేత లక్ష్మణుడు నేలకొరగినపుడు శ్రీరామచంద్రుడు విలపించెను. తమ్ముడు లేనిదే రాజ్యమెందులకు, ప్రాణమెందులకు అనునంతటి దుఃఖము ఆయనది. అయినను పక్కననున్న వానరవైద్యుడు సుషేణుడు ముఖవర్ణమును పరిశీలించి, ప్రాణమున్నదని చెప్పి, ఓషధుల కొరకు హనుమంతుని పంపినపుడు శ్రీరాముడు అడ్డు చెప్పలేదు. సంకల్పమాత్రమున సర్వమును చేయగల అవతారపురుషుడు వైద్యుని మాటను మన్నించెను. హనుమంతుడు ఓషధులను గుర్తింపలేక శిఖరమునే పెకలించి తెచ్చెను. ఏది మందో తెలియనప్పుడు అచటనే కూర్చుండి జపము చేయలేదు, తెలిసినవాని యొద్దకు పర్వతమునే మోసికొని పోయెను. ఆ హనుమంతుడే గుట్టపై క్షేత్రపాలకుడై యున్నాడు. ఆయన ఎదుట ప్రదక్షిణము చేయువారు ఆయన చేసిన పనిని మరువరాదు.

జ్వరము - గజేంద్రుని మొర

ఆ రాత్రి జ్వరము సామాన్యమైనది కాదు. దాని స్వభావమును ప్రతి గృహస్థుడును తెలిసికొనవలెను. కాన్సరు కణములు త్వరత్వరగా పెరుగును. కీమోథెరపీ మందు అట్లు పెరుగు కణములను నశింపజేయును. అయితే మన ఎముకలలోని మూలుగయందు పుట్టు తెల్లరక్తకణములు కూడ త్వరగా పెరుగునవే. కావున వాటికిని దెబ్బ తగులును. మందును బట్టి భేదమున్నను, సాధారణముగ మందెక్కించిన 7 నుండి 14 దినముల మధ్య ఈ కణములు మిక్కిలి తగ్గును. శరీరమను కోటకు అవియే కావలివాండ్రు. కావలి లేని వేళ చిన్న క్రిమి ప్రవేశించినను అడ్డగించువారుండరు. మామూలుగ పుండు ఎర్రబారుటయు, చీము పట్టుటయు ఆ కావలివాండ్ర పోరాటమునకు గుర్తులు. వారే లేనపుడు ఆ గుర్తులును కనబడవు. జ్వరమొక్కటియే హెచ్చరిక. ఒక్కొక్కసారి అదియు స్వల్పముగ నుండును.

కావున కీమోథెరపీ పొందువారికి 100.4 డిగ్రీల ఫారన్‌హీటు, అనగా 38 డిగ్రీల సెంటీగ్రేడు, జ్వరము వచ్చెనా, అది అత్యవసర పరిస్థితియే. ఆసుపత్రి చేరిన గంటలోపుననే రక్తనాళము ద్వారా యాంటీబయాటిక్ మందు ప్రారంభము కావలెనని వైద్యశాస్త్ర నియమము. జ్వరము తగ్గుటకు ఇంటిలోనున్న మాత్ర వేసి ఉదయమువరకు వేచియుండినచో హెచ్చరిక మాయమగును గాని ప్రమాదము మాయము కాదు. రాత్రి పది గంటలకు నయము కాగలది తెల్లవారునప్పటికి చేయిదాటిపోవచ్చును.

బమ్మెర పోతనామాత్యుని భాగవతములో గజేంద్రమోక్షఘట్టము ఎరుగని తెలుగువారు లేరు. మొసలి నోట చిక్కిన ఏనుగు మొరపెట్టగా శ్రీహరి ఎట్లు వచ్చెను? లక్ష్మీదేవికి చెప్పలేదు. శంఖచక్రములను ధరింపలేదు. పరివారమును పిలువలేదు. వాహనము సిద్ధమగువరకు ఆగలేదు. కథను విని కన్నీరు కార్చిన భక్తులు అందలి ధర్మమును గ్రహింపవలెను. ఆపదలోనున్నవాని మొర చెవి సోకినపుడు మర్యాదలు, ముహూర్తములు, సన్నాహములు అన్నియు వెనుకకు పోవును. వైకుంఠనాథుడే తన నియమములను విడిచి పరుగెత్తెను. ఆయన భక్తుడు భార్య జ్వరమునకు రాహుకాలము చూచుకొని బయలుదేరునా? నలువది దినముల లెక్క పూర్తికావలెనని ఆగునా?

గుట్టపైనుండి వచ్చునంతవరకు కొడుకు వేచియుండవలసిన పనియు లేదు. 2005 ఆగస్టు 15న ప్రారంభమైన 108 ఆంబులెన్సు నేడు పల్లెలకును వచ్చుచున్నది. మందెక్కించిన పట్నపు ఆసుపత్రికే నేరుగ పోవలెననియు లేదు. మహబూబ్‌నగరులో 2016లోను, నల్లగొండలో 2019లోను ప్రభుత్వ వైద్యకళాశాలలు వెలసినవి. దగ్గరలోనున్న పెద్ద ఆసుపత్రికి పోయి, చికిత్సకాగితములు చూపి, "కీమోథెరపీలో నున్నది, జ్వరము వచ్చినది" అని మొదటి మాటగ చెప్పవలెను. ఆ ఒక్క వాక్యము ఆ సమయమున మంత్రమువంటిది.

సావిత్రి లెక్క

సహధర్మమునకు ఉదాహరణగా సావిత్రిని చెప్పుట ఆచారము. మహాభారతమున వనవాసియైన ధర్మరాజునకు మార్కండేయ మహర్షి ఈ కథను చెప్పెను. యముని మెప్పించి పతిప్రాణమును తెచ్చినదని అందరును ఎరుగుదురు. ఆ మహాకార్యమునకు ముందును, తరువాతను ఆమె చేసిన చిన్నపనులను తలచువారు అరుదు.

సత్యవంతునకు ఒక్క సంవత్సరమే ఆయువున్నదని నారదుడు చెప్పిన నాటినుండి ఆమె దినములను లెక్కించినది. ఎవరికిని చెప్పక, ఒక్క దినమును మరువక లెక్కించినది. నాలుగు దినములు మిగిలెననగా త్రిరాత్రవ్రతము పూనినది. ఇచట గమనింపదగిన విశేషమున్నది. వ్రతము ముగించినది గాని, వ్రతము చేసితిని గదాయని ఆశ్రమమున కూర్చుండలేదు. అత్తమామల అనుమతి వేడి, ఉపవాసముతోనే భర్తవెంట అడవికి నడిచినది. కట్టెలు కొట్టుచున్న సత్యవంతునకు చెమటలు పట్టి, తలనొప్పి వచ్చినపుడు అతని శిరస్సు నిలుపుటకు ఆమె ఒడి అచటనే యున్నది. వ్రతము ఆమెను భర్తనుండి దూరము చేయలేదు. భర్తయొద్ద మెలకువతో నుండుటకు కావలసిన బలమును ఇచ్చినది.

యముడు మరలిన తరువాతి ఘట్టము మరింత హృద్యము. సత్యవంతుడు మేల్కొనెను గాని నడచు శక్తి లేదు. చీకటి పడినది. సావిత్రి పండ్లబుట్టను చెట్టుకొమ్మకు తగిలించినది. గొడ్డలిని తాను పట్టుకొన్నది. భర్తచేతిని తన భుజముపై వేసికొని, తన చేతితో అతనిని చుట్టిపట్టుకొని, అడుగులో అడుగు వేయుచు ఆశ్రమమునకు నడిపించినది. యమునితో వాదించిన మహాసాధ్వికి ఈ పని తక్కువగ తోచలేదు. ఏ బరువును విడువవలెనో, ఏ బరువును మోయవలెనో ఆమెకు తెలియును. పండ్లబుట్టను మరునాడు తెచ్చుకొనవచ్చును.

ఆ భర్త ప్రశ్నకు సమాధానమిందున్నది. మిగిలిన తొమ్మిది దినముల ప్రదక్షిణములు కొమ్మకు తగిలించిన బుట్టవంటివి. స్వామి ఎచటికిని పోడు. గుట్ట కదలదు. భార్య లేచి నడచిన పిమ్మట ఆ శేషమును చెల్లింపవచ్చును. అశక్తుడైనవానికి ప్రతినిధి ద్వారా వ్రతమును పూర్తిచేయించు ఆచారమును ధర్మశాస్త్రములే అంగీకరించినవి. అన్నిటికంటె ముఖ్యమైనది ఇంకొకటి కలదు. గుట్టపై మొక్కుకొనుటకు ఎన్నో సంవత్సరములకు ముందే, అగ్నిసాక్షిగా, విష్ణువును వెంట పిలిచి, ఆ భర్త మూడవ అడుగున ఒక వ్రతము స్వీకరించియున్నాడు. అదియే పెద్ద మొక్కు. పిదప మొక్కిన మొక్కులన్నియు దానికి అంగములు. అంగమును కాపాడుటకై ప్రధానమును విడుచుట శాస్త్రసమ్మతము కాదు. ధ్వజస్తంభమునకు నమస్కరించి, స్వామితో చెప్పుకొని, ఆ రాత్రియే గుట్ట దిగిన భర్త మాట తప్పినవాడు కాడు.

సావిత్రి స్త్రీ గావున ఈ ధర్మము స్త్రీలకే యనుకొనుట తప్పు. భర్త మంచము పట్టినచో భార్య సేవచేయుట లోకమున సహజమని ఎంచి, భార్య మంచము పట్టినచో పుట్టింటికి పంపుటయో, కూతురికి అప్పగించుటయో కొన్ని ఇండ్లలో కలదు. మగవానికి వంట, శుశ్రూష తగవని మొగమాటము. ఏడడుగులు ఇద్దరును నడిచిరి. సఖ్యమున ఒకరికే కర్తవ్యముండదు. సావిత్రి లెక్కించినట్లే భర్తయు లెక్కింపవలెను. మందెక్కించిన తేదీ, ఉదయము సాయంకాలము జ్వరపు లెక్క, తిన్న ఆహారము, వాంతులు, వైద్యునకు చేయవలసిన ఫోను, ఇవన్నియు ఒక చిన్న పుస్తకమున వ్రాసికొనుట నేటి సావిత్రీవ్రతము. ఐదారు పంక్తుల ఆ లెక్క వైద్యునకు అమూల్యము.

సేవయందలి ఆచారము

వ్యాధిగ్రస్తులున్న వైష్ణవగృహమున ఆచారమును గూర్చి కొన్ని సందేహములు కలుగును. ఏకాదశి ఉపవాసము వ్యాధిగ్రస్తులకు విధి కాదు. బాలురకు, వృద్ధులకు, రోగులకు పెద్దలు మినహాయింపు నిచ్చియున్నారు. కావున ఆమె ఆ దినమునను జావయో, మెత్తని అన్నమో తినుట దోషము కాదు. తినననినచో నయముగ తినిపించుటయే ఇంటివారి ఏకాదశి. తెల్లకణములు తగ్గిన దినములలో బ్రహ్మోత్సవముల రద్దీలోనికిని, జాతరలకును ఆమెను తీసికొనిపోరాదు. కోనేటి స్నానము, పచ్చి పదార్థముల ప్రసాదము విషయమున వైద్యుని అడిగి నడచుకొనవలెను. స్వామి దర్శనమునకు పోలేకపోతినని ఆమె దిగులుపడినచో, ఇంటి పూజామందిరమునందలి స్వామియు ఆ స్వామియే యని చెప్పవలెను. అర్చామూర్తి రూపమున ప్రతి ఇంటను సులభుడై యుండుట ఆయన సౌలభ్యగుణము.

ధనచింత మరియొకటి. ఆరోగ్యశ్రీ పథకము 2007 ఏప్రిల్ 1న మొదట ప్రారంభమైన మూడు జిల్లాలలో మహబూబ్‌నగరు ఒకటి. తెలంగాణలో 2023 డిసెంబరునందు దాని పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచిరి. హైదరాబాదులో 1955లో స్థాపింపబడిన మెహదీ నవాజ్ జంగ్ కాన్సరు ఆసుపత్రి నేటికిని ప్రభుత్వపక్షమున చికిత్స నందించుచున్నది. భూమిని తెగనమ్ముటకు ముందు ఈ మార్గములను విచారించుటయు సహధర్మములో భాగమే.

సేవచేయువాడు తన్నుదాను కాపాడుకొనవలెను. నిద్రాహారములు మాని తానును పడిపోయినచో ఇద్దరికిని దిక్కుండదు. ఒక రాత్రి అన్నయో, వదినయో కూర్చుండి ఆయనను నిద్రపొమ్మనుట మహాదానము. పొరుగువారు "ఎట్లున్నది?" అని అడిగి పోవుటకంటె, ఒక పూట అన్నము వండి పంపుటయో, పశువులను మేపుటయో చేసినచో అది భాగవతకైంకర్యమే యగును.

వ్యాధి గెలిచినపుడు

ఇంత చేసినను అందరును బ్రతుకుదురని చెప్పుట సత్యము కాదు. తెలుగువారందరును ఎరిగిన నందమూరి తారక రామారావుగారు ముఖ్యమంత్రిగా నున్న కాలముననే, 1985లో, ఆయన ధర్మపత్ని బసవతారకమ్మగారు కాన్సరుచే మరణించిరి. వెండితెరపై శ్రీరామునిగ, శ్రీకృష్ణునిగ, శ్రీవేంకటేశ్వరునిగ జనుల హృదయములలో నిలిచిన ఆయనకు పదవిగాని, ఖ్యాతిగాని ఆ వియోగమును తప్పింపలేదు. ఆమె పేర తలపెట్టిన కాన్సరు ఆసుపత్రి ఆయన 1996లో దివంగతులైన పిమ్మట, 2000లో హైదరాబాదున ప్రారంభమైనది. ఒక ఇంటి దుఃఖము వేల ఇండ్లకు ఊరటగా మారినది.

పల్లెలోని భర్తకు ఆసుపత్రి కట్టించు శక్తి లేదు. ఆయనకు మిగులునది పశ్చాత్తాపము. ప్రదక్షిణములు పూర్తిచేసియున్నచో బ్రతికియుండునేమో, ఒక గంట ముందు వచ్చియున్నచో దక్కియుండునేమో యని మనస్సు తొలుచును. బంధువులలో ఒకరు "మొక్కు తప్పినందుననే ఇట్లైనది" అని అందురు. ఇంతకంటె క్రూరమైన మాట లేదు. అది భర్తను బాధించుటయే కాక స్వామిని నిందించుట. ప్రహ్లాదుని పిలుపునకు స్తంభమును చీల్చుకొని వచ్చిన ప్రభువు, భార్యను కాపాడుటకై పరుగెత్తినవానిపై తొమ్మిది దినముల బాకీకి పగబట్టునా? అట్టివానిని వడ్డీవ్యాపారి యనవలెను గాని దయాసముద్రుడనరాదు.

శ్రీవైష్ణవ సంప్రదాయమున శరణాగతికి ఆరు అంగములు చెప్పిరి. వాటిలో మొదటిది భగవంతునికి అనుకూలముగ వర్తింప సంకల్పించుట. చివరిది తన్ను ఆయనకు సమర్పించుకొనుట. కోతిపిల్ల తల్లిని తానే గట్టిగ పట్టుకొనును. పిల్లికూన ఏమియు చేయదు, తల్లియే నోట కరచుకొని పోవును. ఈ రెండు న్యాయములను గూర్చి ఆచార్యులు విస్తారముగ చర్చించిరి. వ్యాధిమందిరమున ఈ రెండింటికిని చోటున్నది. చేయవలసినది ఉన్నంతవరకు గృహస్థుడు కోతిపిల్లవలె విడువక పట్టుకొనవలెను. చేయవలసినదంతయు ముగిసి, వైద్యుడు చేతులు జోడించిన పిమ్మట పిల్లికూనవలె తన భారమును, తన భార్య భారమును స్వామికి వదలవలెను. పట్టవలసినపుడు వదలుట సోమరితనము. వదలవలసినపుడు పట్టుకొనుట అహంకారము.

నయము చేయుట ముగిసినను సేవ ముగియదు. లండనులో 1967లో సెయింట్ క్రిస్టఫర్ హాస్పిస్‌ను స్థాపించిన సిసిలీ సాండర్స్ అను వైద్యురాలు ఒక గొప్ప సత్యమును చాటెను. అవసానదశలోనున్నవారి బాధ దేహమునందే కాక మనస్సునందు, కుటుంబమునందు, ఆత్మయందు కూడ నుండునని, అన్నిటికిని ఒక్కటిగ ఊరట నియ్యవలెనని ఆమె బోధ. నొప్పి తగ్గించు మందు అడుగుటకు సంకోచింపరాదు. నొప్పి తగ్గిన మనస్సునకే నారాయణస్మరణ సుఖముగ నిలుచును. చేయిపట్టుకొని పక్కన కూర్చుండుట, ఆమె ఇష్టపడిన సంకీర్తనమును మెల్లగ పాడుట, పాతదినముల ముచ్చట్లు చెప్పుట, ఇవియు చికిత్సలే.

వాడపల్లి దీపము

నల్లగొండ జిల్లాలో మిర్యాలగూడకు దిగువన, కృష్ణా మూసీ నదుల సంగమమున వాడపల్లి యున్నది. అచటి లక్ష్మీనృసింహస్వామి గర్భాలయమున రెండు దీపములు వెలుగును. పాదములకడనున్న దీపము నిశ్చలముగ నుండును. స్వామి ముఖమునకు ఎదురుగనున్న దీపము అల్లలాడుచుండును. అది స్వామి నిశ్వాసముచే కదలుచున్నదని భక్తులు దర్శించి పులకింతురు.

ఆ ఊపిరిని దర్శించుటకు ఎంతో దూరమునుండి వచ్చు భక్తులు, అర్ధరాత్రి తమ ఇంటిలో వ్యాధిగ్రస్తుల శ్వాసను గమనించుచు మేలుకొనియుండుటను తక్కువగ నెంచరాదు. సర్వాంతర్యామి యని ఎవరిని కొలుతురో ఆ ప్రభువే ఆ బలహీనమైన ఊపిరియందును ఉన్నాడు. అచట కదలుచున్న దీపమును చూచి చేతులు జోడించినవారు, ఇచట నుదుటిపై చేయివేసి జ్వరమును చూచినను అది నమస్కారమే యగును. మంచముచుట్టు తిరుగు అడుగులు, నీరు తెచ్చుటకు వంటింటికి వేయు అడుగులు, మందులదుకాణమునకు పరుగెత్తు అడుగులు స్వామి లెక్కలో ప్రదక్షిణములుగనే చేరును.

వ్యాధితో పోరాడు దంపతులకు వైద్య నారసింహుడు ధైర్యమును, వైద్యులకు సద్బుద్ధిని, ఇరుగుపొరుగులకు దయను ప్రసాదించుగాక. మిగిలిన ప్రదక్షిణములు చెల్లించుటకు వారిద్దరును కలసి గుట్ట నెక్కు దినము వచ్చుగాక.

స్వస్తి.